కర్త ఎవరు, కర్మ ఏది? – సాఫ్ట్‌వేరుకు బొమ్మ గీయడం

ఇల్లు కట్టే ముందు మేస్త్రీ ప్లాను అడుగుతాడు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు కూడా ప్రోగ్రాం రాయకముందు ఒక బొమ్మ గీసుకుంటారు. పెట్టెలు, గీతలు, బాణాలు, అంతే. దీన్ని విజువల్ మోడలింగ్ అంటారు. ఎవరికి తోచినట్టు వాళ్లు గీస్తే ఒకరి బొమ్మ ఇంకొకరికి అర్థం కాదు కాబట్టి, గుర్తులన్నీ ఒక పద్ధతిలో పెట్టారు. ఆ పద్ధతి పేరు యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్, పొట్టిగా యూఎంఎల్. పేరులోనే లాంగ్వేజ్ ఉంది కనుక తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద దీనికి చోటు ఉందనే నా వాదన.

అసలు కారణం వేరే ఉంది. మన డిపార్ట్‌మెంట్ బీరువాలోని పుస్తకాలకు ఒక రిజిస్టరు ఉంది కదా. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో అందులో వెతకడం ఎంత పనో మీకు చెప్పక్కర్లేదు. దానికి చిన్న సాఫ్ట్‌వేర్ చేసిస్తామని బీసీఏ అమ్మాయిలు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు: "మీకేం కావాలో ముందు బొమ్మ గీసివ్వండి." ఇదేదో వాళ్ల పని మన మీద వేశారే అనిపిస్తుంది. కానీ గీయడానికి కూర్చుంటే, అందులో కంప్యూటర్ పావు వంతు, వ్యాకరణం ముప్పావు వంతు అని తేలింది.

ఇది నా సొంత కల్పన కాదు. తైవాన్‌లో పుట్టి అమెరికాలో పని చేసిన పీటర్ చెన్ 1976లో ఎంటిటీ రిలేషన్‌షిప్ బొమ్మల పద్ధతిని ప్రకటించాడు. ఇప్పటికీ డేటాబేస్ పాఠం దాంతోనే మొదలవుతుంది. తర్వాత 1983లో అతనే ఇంకో వ్యాసంలో, ఇంగ్లీషు వాక్యాన్ని ఇలాంటి బొమ్మగా ఎట్లా మార్చాలో చెప్పాడు. మన మాటల్లో చెప్తే ఇట్లా ఉంటుంది: నామవాచకం పెట్టె అవుతుంది. సకర్మక క్రియ రెండు పెట్టెల మధ్య సంబంధం అవుతుంది. విశేషణం ఆ పెట్టెకు లక్షణం అవుతుంది. క్రియా విశేషణం ఆ సంబంధానికి లక్షణం అవుతుంది. అదే ఏడాది రసెల్ అబాట్ అనే ఆయన కూడా మామూలు వాక్యాల్లోని నామవాచకాలు, క్రియలు పట్టుకుని ప్రోగ్రాం రూపం తయారు చేసే దారి చూపించాడు. తొమ్మిదో తరగతిలో భాషాభాగాలు వల్లె వేసిన మనకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది గుర్తులే.

సరే, మన వాక్యం తీసుకుందాం. "విద్యార్థిని బీరువా నుంచి పుస్తకం తీసుకుంటుంది." నామవాచకాలు మూడు: విద్యార్థిని, బీరువా, పుస్తకం. మూడు పెట్టెలు గీశాం. క్లాస్ డయాగ్రం అనే బొమ్మలో ఒక్కో పెట్టెకు మూడు అరలు ఉంటాయి. పై అరలో పేరు, మధ్య అరలో లక్షణాలు, కింది అరలో అది చేసే పనులు. బీరువా మనకు ఒక్కటే ఉంది కాబట్టి దాని గురించి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, కొట్టేశాం. వాక్యంలో ఉన్న ప్రతి నామవాచకానికీ పెట్టె దక్కదన్నమాట.

ఇక పుస్తకం. ఇక్కడే అసలు చిక్కు. బాలవ్యాకరణం మూడు కాపీలు ఉన్నాయనుకోండి. "బాలవ్యాకరణం రాసింది చిన్నయసూరి" అన్నప్పుడు మన మనసులో ఉన్న పుస్తకం వేరు. "బాలవ్యాకరణం అట్ట చిరిగింది" అన్నప్పుడు మనసులో ఉన్న పుస్తకం వేరు. మొదటిది ఒక్కటే, 1858 నుంచీ ఒక్కటే. రెండోది మూడు. మాట్లాడేటప్పుడు ఒకే మాటతో రెండు పనులూ జరిగిపోతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. బొమ్మలో జరగదు. రచయిత పేరు ఏ పెట్టెలో రాయాలి, అట్ట చిరిగిందని ఏ పెట్టెలో రాయాలి అని గీత అడుగుతుంది. ఇంగ్లీషు పాఠాల్లో దీన్ని విడమర్చడానికి పేజీలు ఖర్చు పెడతారు. మనకు మాటలు సిద్ధంగా ఉన్నాయి: కృతి, ప్రతి. తాళపత్రాలు పరిష్కరించిన పండితులు ఈ తేడా తెలియకుండా ఒక్క అడుగు వేయలేరు. కనుక పుస్తకం అనే పెట్టె తీసేసి, కృతి ఒక పెట్టె, ప్రతి ఒక పెట్టె గీశాం. మధ్యలో గీత. కృతి వైపు 1 అని, ప్రతి వైపు 1..* అని రాశాం. నక్షత్రం గుర్తుకు 'ఎన్నైనా' అని అర్థం. ఒక కృతికి కనీసం ఒక ప్రతి, ఎక్కువైతే ఎన్నైనా. (తెలుగుకు ఏకవచనం, బహువచనం మాత్రమే ఉన్నాయి, సంస్కృతానికి ద్వివచనం కూడా ఉంది. ఈ బొమ్మల భాషకు ఏ సంఖ్యకు కావాలంటే ఆ వచనం ఉంది!)

ఇప్పుడు క్రియ. "తీసుకుంటుంది" అంటే విద్యార్థినికీ ప్రతికీ మధ్య ఒక గీత. కానీ ఎప్పుడు తీసుకుంది? ఎప్పటికి తిరిగి ఇవ్వాలి? ఆ తారీఖులు విద్యార్థిని లక్షణాలు కావు, ప్రతి లక్షణాలూ కావు. అవి తీసుకోవడం అనే పనికి చెందినవి. చెన్ చెప్పిన క్రియా విశేషణం ఇదే. గీత మీద తారీఖులు నిలవవు కాబట్టి ఆ క్రియనే నామవాచకం చేసి పెట్టెలో కూర్చోబెట్టాలి. తెలుగులో క్రియకు 'డం' తగిలిస్తే నామం అయిపోతుంది: తీసుకోవడం, ఇవ్వడం. దానికి మేము పెట్టిన పేరు 'అరువు'. అరువు అనే పెట్టెలో తీసుకున్న తారీఖు, గడువు, తిరిగి ఇచ్చిన తారీఖు ఉంటాయి. ఏదైనా క్రియకు జ్ఞాపకం అవసరమైతే అది పెట్టె కావాలి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఉపయోగపడిన సూత్రం ఇదే. రిజిస్టరులో మనకు ఇన్నాళ్లూ ఇబ్బంది ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడ తెలుస్తుంది. అందులో అరువుకు సొంత వరుస లేదు. పుస్తకం పేరు పక్కనే విద్యార్థిని పేరు రాసి, ఆమె తిరిగి ఇచ్చాక కొట్టేసి, మీద ఇంకో పేరు రాస్తూ పోయారు.

కర్త విషయం ఇంకోటి. "పుస్తకం ఇచ్చారు, రాసుకున్నారు" అంటే తెలుగులో సంపూర్ణ వాక్యమే. ఎవరు ఇచ్చారు? మేడమా, అటెండరా, ఆ రోజు బీరువా తాళంచెవి ఉన్న సీనియర్ అక్కా? గౌరవ బహువచనం అందరినీ ఒకే దుప్పటి కింద దాచేస్తుంది. యూజ్ కేస్ డయాగ్రం అనే బొమ్మ ఆ దుప్పటి లాగేస్తుంది. అందులో కర్తను పుల్లలతో చేసిన మనిషి బొమ్మగా గీసి, ఆ మనిషి చేసే పనిని గుడ్డు ఆకారంలో రాస్తారు. గీసేటప్పుడు తేలిందేమంటే, పుస్తకం ఇచ్చేవాళ్లు మన దగ్గర ముగ్గురు. తిరిగి వచ్చిందని రాసుకునే బాధ్యత ఉన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

షష్ఠీ విభక్తి గురించి ఒక మాట. 'యొక్క' అని ఒక్క ప్రత్యయంతో మనం ఎన్నో సంబంధాలు నెట్టుకొస్తాం. "పుస్తకం యొక్క అధ్యాయం", "కాలేజీ యొక్క విద్యార్థినులు", "రాధ యొక్క పుస్తకం". మొదటిదాంట్లో పుస్తకం పోతే అధ్యాయమూ పోతుంది. ఈ సంబంధానికి పుస్తకం వైపు నల్లటి వజ్రం గుర్తు పెడతారు. మూడోదాంట్లో పుస్తకానికీ రాధకూ ఒకరు లేకపోయినా ఇంకొకరు ఉంటారు, మామూలు గీత చాలు. రెండోది తెల్ల వజ్రం అంటారు కానీ, దాని మీద ఆ రంగంలోని వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

ఇక మన జిల్లా పిల్లలందరికీ సంబంధించిన పెట్టె దగ్గరికి వద్దాం: పేరు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. గీత నేల మీద పడింది, ఇళ్ల మీద పడలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అర్జీలో ఇంగ్లీషు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి పద్ధతిలో చాలామందికి తండ్రి పేరో ఊరి పేరో పొడి అక్షరంగా ఉంటుంది. లక్ష్మీదేవి అనే పేరే చూడండి. మార్కుల కార్డులో ఒక ముక్కగా, ఆధార్‌లో రెండు ముక్కలుగా ఉంటుంది. ఇంగ్లీషులో ఒకచోట చివర ఐ, ఇంకోచోట వై. పొడి అక్షరం ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. మనిషి ఒక్కతే. మా క్లాసులో ఒకామె స్కాలర్‌షిప్ అర్జీ "పేరు కలవలేదు" అని రెండుసార్లు వెనక్కి వచ్చింది. అఫిడవిట్లు, జిరాక్సులు, బస్సు ఛార్జీలు, పోయిన క్లాసులు అన్నీ ఆమె ఖాతాలోనే. అందరూ ఆమెతో అన్న మాట ఒకటే: "నీ పేరు సరిగ్గా లేదమ్మా."

పేరు సరిగ్గానే ఉంది. బొమ్మ సరిగ్గా లేదు. ఎక్కడో ఎవరో విద్యార్థిని అనే పెట్టెలో పేరు అని ఒకే ఒక్క లక్షణం రాసి, మనిషికి పేరు ఒకే రూపంలో ఉంటుందని తీర్మానించేశారు. ఆ తీర్మానం ప్రోగ్రాంలోకి, ప్రోగ్రాం నుంచి కౌంటరు దాకా వచ్చింది. అదే పేరు రూపం అని వేరే పెట్టె గీసి, అందులో లిపి, ఏ పత్రంలో ఉంది అనే లక్షణాలు రాసి, విద్యార్థిని వైపు 1, పేరు రూపం వైపు 1..* అని పెట్టి ఉంటే? మనిషిని గుర్తుపట్టడం రిజిస్టరు నంబరు చూసుకునేది, పేరు రూపాలన్నీ ఆమెకు చెందినవే అయ్యేవి. తేడా ఒక పెట్టె, ఒక గీత, ఒక నక్షత్రం. అందుకే ఈ బొమ్మల్ని కంప్యూటర్ వాళ్లకు వదిలేయకూడదని నేను అంటాను. ఇంటిపేరు ముందొస్తుందని, ఒకే పేరు మూడు లిపుల్లో ఉంటుందని చెప్పగలిగినవాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. మా డిపార్ట్‌మెంట్ బొమ్మలో పేరు రూపం పెట్టె ఉంది.

ఇంకొక బొమ్మ మనవాళ్లకు మహా సులువు. సీక్వెన్స్ డయాగ్రం. పైన వరుసగా పాత్రలు, ఒక్కొక్కరి కింద నిలువుగా చుక్కల గీత, ఒకరి గీత నుంచి ఇంకొకరి గీతకు బాణాలు. కాలం పైనుంచి కిందికి నడుస్తుంది. విద్యార్థిని అడుగుతుంది, సాఫ్ట్‌వేర్ ప్రతి ఖాళీగా ఉందా చూస్తుంది, ప్రతి జవాబిస్తుంది, అరువు పుడుతుంది. ఇది నాటకం రాతప్రతి కాకపోతే ఏమిటి? ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ నడిపిన ఊరు, బళ్ళారి రాఘవ ఊరు మనది. ఏ పాత్ర ఎప్పుడు ప్రవేశిస్తుంది, ఎవరితో మాట్లాడుతుంది, ఎప్పుడు నిష్క్రమిస్తుంది అని మనకు ఇంకొకరు నేర్పాలా? అయితే స్వగతం తక్కువ. ఒక పాత్ర తనకు తానే చెప్పుకునే మాటలకు బాణం వంగి మళ్లీ తన గీతకే వస్తుంది, అవి ఎక్కువైతే బొమ్మ చిందరవందర అవుతుంది.

ఈ యూఎంఎల్‌ను ఒక్కరు చేయలేదు. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, స్వీడన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల పని చేసి వచ్చిన ఇవార్ యాకబ్‌సన్, ముగ్గురూ తలా ఒక గుర్తుల పద్ధతి నడుపుతూ ఉండేవాళ్లు. 1990ల మధ్యలో రేషనల్ అనే కంపెనీలో కలిసి మూడింటినీ ఒకటి చేశారు. 1997 నవంబరులో ఓఎంజీ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. ఇప్పుడు అందులో పద్నాలుగు రకాల బొమ్మలు ఉన్నాయి. అన్నీ నేర్చుకోవాలని భయపడకండి. యూజ్ కేస్, క్లాస్, సీక్వెన్స్, ఈ మూడూ వస్తే మన పని గడుస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. తెల్లకాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. రబ్బరు ముఖ్యం. ముందు మీకు కావాల్సింది ఐదారు పూర్తి వాక్యాలుగా రాయండి, ప్రతి వాక్యంలో కర్త కనపడేలా రాయండి. నామవాచకాల కింద గీత పెట్టండి. సగం కొట్టేయండి. మిగిలినవి పెట్టెలు. తర్వాత గీసిన బొమ్మను మళ్లీ వాక్యాలుగా పైకి చదవండి: "ఒక విద్యార్థినికి ఎన్ని అరువులైనా ఉండొచ్చు. ఒక అరువు ఒకే ప్రతికి." చదువుతుంటే ఎక్కడ నాలుక తడబడుతుందో అక్కడ గీత తప్పు. ఇది కుదిరాక డ్రా.ఐఓ లాంటి ఉచిత సాధనంలో సాపు చేసుకోవచ్చు. పెట్టెల పేర్లు తెలుగులోనే రాయండి. బీసీఏ అమ్మాయిలు తర్వాత వాళ్ల పేర్లు వాళ్లు పెట్టుకుంటారు.

మేము గీసినది ఈ వ్యాసం పక్కనే అంటించాం. ఒకచోట ప్రశ్న గుర్తు ఉంది చూడండి. బజారులో దొరకని ఒక పుస్తకానికి మన బీరువాలో జిరాక్స్ ఒకటే ఉంది. అది ప్రతి అవుతుందా, ప్రతికి ప్రతి అవుతుందా? ప్రతికి ప్రతి అయితే ప్రతి పెట్టె నుంచి ఒక గీత బయల్దేరి మళ్లీ అదే పెట్టెకు రావాలి. మాలో ఇద్దరు అవునంటున్నారు, ఒకరు వద్దంటున్నారు. కింద పెన్సిల్ కట్టి వేలాడదీశాం, మీ గీత మీరు గీయండి. పెన్ను వాడొద్దు.