పంచాయతీ కంప్యూటరు తెర: వెలుగును, రంగును సరిచేయు విధము

పూర్వము గ్రామ లెక్కలు కరణము, మునసబుగార్ల పెట్టెలలో ఉండెడివి. అడంగలు గాని, జనన మరణముల రిజిస్టరు గాని చూడవలసి వచ్చినపుడు కాగితమును వాకిటి వెలుగునకు తెచ్చి, వ్రేలితో వరుస పట్టుకొని చదివెడివారు. సిరా వెలసినచో కాగితమును ఇటు నటు వంచి చూచెడివారు. నేడు ఆ కాగితములలో పెక్కింటి స్థానమును కంప్యూటరు తెర ఆక్రమించినది. 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను నమోదుచేయు ఈ-గ్రామస్వరాజ్ ఏర్పాటు దేశమంతటికిని వచ్చినది. నాటి నుండి పంచాయతీ సభ్యుడు చూడవలసిన సంగతులలో అనేకము తెరపైననే చూడవలసి వచ్చుచున్నది.

కాగితమునకును తెరకును ఒక ముఖ్యమైన భేదము కలదు. కాగితము తనపై పడిన వెలుగును మాత్రమే మనకు చూపును. తెర తన వెలుగును తానే ఇచ్చును. ఆ వెలుగు మితిమీరినను, మిక్కిలి తగ్గినను అందున్న లెక్క చెడదు గాని, చూచువారికి అందులో కొంత భాగము కనబడకుండ పోవును. కనబడనిదానిని లేనిదిగా తలచుట మానవ సహజము. చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

ఒక సున్నపు గీత

గ్రామకంఠములోని నివాస స్థలములకు పటములు తయారుచేసి, యజమానులకు హక్కు పత్రములు ఇచ్చుటకై స్వామిత్వ పథకము 2020 ఏప్రిల్ 24వ తేదీననే ఆరంభింపబడినది. ఇందు డ్రోను అను చిన్న ఎగురు యంత్రముతో ఆకాశము నుండి గ్రామమును ఫొటోలు తీయుదురు. యంత్రము ఎగురుటకు ముందుగా స్థలముల హద్దుల వెంట సున్నముతో గీతలు గీయుదురు. ఆ గీతలు ఫొటోలలో పడును. వాని ఆధారమున పటము సిద్ధమగును. తరువాత దానిని గ్రామస్థుల ఎదుట సరిచూచి, అభ్యంతరములను విని, పిమ్మట ఖాయపరచుదురు.

ఇట్టి ఫొటోను ఒక గ్రామమున తెరపై చూపుచున్నారనుకొందము. ఒక వృద్ధురాలు వచ్చి, "నాయనా, మా దొడ్డి గోడకు అవతల రెండు మూరల జాగా మాదే. అక్కడ సున్నము పోసినారు గదా, ఆ గీత ఏదీ?" అని అడిగినది. కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు తెరను తేరిపార చూచి, "ఇక్కడ గీత ఏమీ లేదవ్వా" అని బదులు చెప్పినాడు. అతడు అబద్ధమాడలేదు. అతనికి గీత కనబడలేదు. కాని గీత ఫొటోలో ఉన్నది. ఎండకు తెల్లబారిన నేలపై తెల్లని సున్నపు గీత అది. తెర కాంట్రాస్టు హద్దుమీరి పెంచబడియున్నందున నేలయు, గీతయు ఒకే తెలుపులో కలిసిపోయినవి. ఆమె మాటకు సాక్ష్యము తెరలోనే యుండియు ఆమెకు ఉపయోగపడలేదు.

ఇది ఊహించి చెప్పిన సంగతియే. అయినను వెలసిన సిరాతోనున్న పాత రిజిస్టరు నకలు విషయమునను, పెన్సిలుతో వ్రాసిన అంకెల విషయమునను, చెట్టు నీడలో పడిన గోడ విషయమునను ఇట్లే జరుగవచ్చును. కావున తెరను సరిచేయుట పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయమే.

తెర లోపల ఏమున్నది?

నేటి తెరలలో అధిక భాగము ద్రవ స్ఫటిక తెరలు. వీనిలో వెనుక ఒక దీపము వెలుగుచుండును. దాని ముందు లక్షలకొలది సూక్ష్మమైన కిటికీలు ఉండును. కార్యాలయములలో సాధారణముగా వాడు తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080, అనగా మొత్తము 20,73,600 చుక్కలు ఉండును. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల కిటికీలు మూడేసి యుండును. మూడును పూర్తిగా తెరచినచో తెలుపు, మూడును మూసినచో నలుపు కనబడును. ఒక్కొక్క కిటికీని 256 మెట్లుగా తెరువవచ్చును గనుక ఈ మూడింటి కలయికచే 1,67,77,216 రంగులు ఏర్పడగలవు.

ఈ సంగతి గ్రహించినచో మీటల పని సులభముగా బోధపడును. బ్రైట్‌నెస్ అను మీట సాధారణముగా వెనుకనున్న దీపమును పెంచును, తగ్గించును. కాంట్రాస్టు అను మీట కిటికీలు ఎంతవరకు తెరచుకొనవలెనో నిర్ణయించును. దానిని అతిగా పెంచినచో లేత రంగుల కిటికీలన్నియు పూర్తిగా తెరచుకొని, లేత పసుపు, లేత బూడిద, తెలుపు అను భేదము నశించును. మన సున్నపు గీత ఇట్లే మాయమైనది.

ముందుగా తెరను ఉంచు చోటు

మీటలను ముట్టుకొనక మునుపు తెర ఉన్న స్థలమును చూడవలెను. కిటికీకి గాని, వాకిలికి గాని ఎదురుగా తెరను పెట్టినచో బయటి వెలుగు దానిపై పడి, నల్లని భాగములన్నియు బూడిద రంగుగా కనబడును. నీడలోనున్న వస్తువులు తెలియవు. తెర వెనుక కిటికీ ఉన్నచో కన్నులు చెదరును. కిటికీ ప్రక్కకు వచ్చునట్లు తెరను త్రిప్పి పెట్టుట ఉత్తమము. చదువువానికిని తెరకును నడుమ ఒక చేతి పొడవు దూరము ఉండవలెను. తెర పై అంచు కంటి మట్టమునకు మించి యుండరాదు.

మన గ్రామములలో దుమ్ము ఎక్కువ. దుమ్ము పొర వలన తెర మసకగా కనబడగా, వెలుగు చాలదని భావించి మీటను పెంచువారు కలరు. తెరను ఆర్పి, మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. మరక పోనిచో గుడ్డను కొంచెము తడిపి తుడువవచ్చును. తెరపై నీరు చల్లరాదు.

వెలుగు: తెల్లకాగితపు పరీక్ష

తెరను వెలిగించి అరగంట గడచిన తరువాత సరిచేయుట మంచిది. అప్పటికి దీపము నిలుకడకు వచ్చును. తెరపై వ్రాత ఏమియు లేని తెల్లని పుటను తెరచి, దాని ప్రక్కన ఒక తెల్లకాగితమును పట్టుకొనవలెను. తెర దీపమువలె మెరయుచు, కాగితము మాసినట్లు కనబడినచో వెలుగు ఎక్కువైనదని అర్థము. కాగితమే తెల్లగా నుండి తెర బూడిద రంగుగా కనబడినచో వెలుగు చాలలేదని అర్థము. రెండును ఇంచుమించు సమానముగా కనబడు వరకు బ్రైట్‌నెస్ మీటను మార్చవలెను. ఇందుకు వేరు పరికరముతో పనిలేదు.

తెర వెలుగును చదరపు మీటరునకు ఇన్ని క్యాండెలాలని కొలుచుదురు. ఒక క్యాండెలా అనగా సుమారు ఒక కొవ్వొత్తి వెలుగు. సాధారణపు తెరలు మీట పూర్తిగా పెంచినచో సుమారు 250 వరకు ఇయ్యగలవు. గదిలో పనిచేయుటకు 100 మొదలు 150 వరకు చాలును. కనుక మీటను చివరి వరకు పెంచి యుంచుట అనవసరము. లాంతరు వత్తిని పెద్దది చేసినకొలది వెలుగు పెరుగునని తలచినవారికి చిమ్నీకి పట్టిన మసియే మిగులును గదా! ఇచ్చటను అంతియే. పైగా తెర వాడు విద్యుత్తులో అధిక భాగము వెనుక దీపమునకే పోవును గనుక, వెలుగును తగ్గించినచో కొంత విద్యుత్తు కూడ ఆదా అగును. పగటికిని రాత్రికిని గదిలోని వెలుగు మారును గనుక సాయంకాలము పనిచేయునపుడు ఈ పరీక్షను మరల ఒకసారి చేయవలెను.

కాంట్రాస్టు: తెల్లచొక్కా గుండీలు

విండోసు పద్ధతిగల కంప్యూటరులో వెదకు చోట "కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్" అని వ్రాసినచో తెరను సరిచేయుటకు సహాయపడు పుటలు వరుసగా వచ్చును. అందొకచో తెల్లచొక్కా ధరించిన మనిషి బొమ్మ కనబడును. చొక్కా ముడుతలును, గుండీలును మాయము కాకుండ ఎంతవరకు పెంచవచ్చునో అంతవరకే కాంట్రాస్టును పెంచవలెను. గుండీలు కనబడు తెరలో వెలసిన సిరా కనబడును. సున్నపు గీతయు కనబడును. మరియొక బొమ్మలో నల్లని కోటు, దాని వెనుక నలుపులో మసకగానున్న ఒక ఇంటూ గుర్తు ఉండును. కోటు చొక్కాలో కలిసిపోకుండ, ఇంటూ గుర్తు లీలగా మాత్రమే కనబడునట్లు చేయవలెను. అప్పుడు చెట్ల నీడలలోని హద్దులు కూడ తెలియును.

డైనమిక్ కాంట్రాస్టు అను ఏర్పాటు ఉన్నచో దానిని ఆపివేయవలెను. అది బొమ్మ మారినపుడెల్ల వెలుగును తనంతట తానే మార్చుచుండును. సినిమాలకు, ఆటలకు ఉద్దేశించిన ఏర్పాట్లను విడిచి, స్టాండర్డు అను దానిని ఎన్నుకొనవలెను.

రంగు: ఏ తెలుపు తెలుపు?

తెలుపులోను పెక్కు రకములు కలవు. కొవ్వొత్తి వెలుగు పసుపు ఛాయ గలది. పగటి వెలుగులో నీలపు పాలు ఎక్కువ. ఈ భేదమును కెల్విను అను కొలతతో చెప్పుదురు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాతకాలపు తంతి బల్బు వెలుగు సుమారు 2700, పగటి వెలుగు సుమారు 6500 కెల్వినులు. సంఖ్య పెరిగినకొలది నీలము హెచ్చును.

తెర ఏర్పాట్లలో వార్మ్, నార్మల్, కూల్ అనియు, కొన్నిట 6500 అనియు, ఎస్‌.ఆర్‌.జి.బి. అనియు ఉండును. 6500 గాని, ఎస్‌.ఆర్‌.జి.బి. గాని ఎన్నుకొనుట మేలు. ఎస్‌.ఆర్‌.జి.బి. ఎన్నుకొన్నపుడు కొన్ని తెరలలో బ్రైట్‌నెస్ మీట పనిచేయదు. అట్లయినచో 6500 గాని, నార్మల్ గాని చాలును. రాత్రివేళ కంటికి హాయిగా నుండుటకై నీలమును తగ్గించు నైట్ లైట్ అను ఏర్పాటు కంప్యూటరులోనే కలదు. అది మంచిదే. అయినను పటములను, ఫొటోలను సరిచూచునపుడు దానిని ఆపివేయవలెను. లేనిచో తెల్లకాగితము పసుపుగాను, నీలపు సిరా నలుపుగాను తోచును.

జనులలో కొందరికి పుట్టుకతోనే ఎరుపునకును ఆకుపచ్చకును భేదము తెలియదు. అట్టివారికి ఎంత మంచి తెరయైనను ఆ భేదమును చూపజాలదు. కావున "ఎఱ్ఱగీత లోపలిది మీది" అని చెప్పి ఊరకొనక, వ్రేలితో చూపి, కొలతను చదివి వినిపించవలెను.

తెరలో మార్పు, లెక్కలో మార్పు

మీటలను త్రిప్పినచో రికార్డు చెడునేమోయని భయపడువారు కలరు. ఆ భయము అక్కరలేదు. మీటలు తెరను మాత్రమే మార్చును. కంప్యూటరులో భద్రపరచిన పటము గాని, అచ్చువేసిన కాగితము గాని మారదు. పొరపాటు జరిగినచో రీసెట్ అను మీటతో మొదటి స్థితికి తేవచ్చును.

అపాయము వేరొక చోట కలదు. తెర వెలుగు మిక్కిలి ఎక్కువగా నున్నపుడు, పూర్తియైన పని యొక్క ఫొటో వెలవెలబోయినట్లు కనబడును. దానిని సరిచేయుచున్నామనుకొని ఫొటోనే నల్లబరచి భద్రపరచినచో రికార్డు నిజముగనే మారిపోవును. అచ్చువేసినపుడు మురుగుకాలువయు, దాని గట్టును ఒకే నలుపుగా వచ్చును. కాబట్టి మొదట తెరను సరిచేయవలెను. ఫొటోను మార్చుట అవసరమైనచో అసలు ప్రతిని వేరుగా ఉంచవలెను.

సభ్యులు చేయదగిన పని

చవకరకపు తెరలను ప్రక్క నుండియు, పై నుండియు చూచినచో రంగులు వెలసిపోవును. కుర్చీలో కూర్చున్నవానికి స్పష్టముగా కనబడినది వెనుక నిలుచున్న అర్జీదారునకు కనబడకపోవచ్చును. కావున హద్దులను గాని, పేర్లను గాని సరిచూచునపుడు అర్జీదారునే తెర ఎదుట కూర్చుండబెట్టి, బొమ్మను పెద్దదిచేసి చూపుట న్యాయము. నెలకొకసారి తెల్లకాగితపు పరీక్ష జరిపించుడు. గ్రామసభలో పటములను చూపుటకు ముందు తెల్లచొక్కా గుండీలను తప్పక చూడుడు. కంప్యూటరుపై పనిచేయు ఉద్యోగికి ఇరువది నిమిషములకొకసారి ఇరువది అడుగుల దూరమునకు చూపు మరల్చి, ఇరువది సెకనులు కన్నులకు విశ్రాంతి నిమ్మని చెప్పుడు. తెరను చూచునపుడు రెప్పపాటు తగ్గి కన్ను ఎండిపోవుట వలన కలుగు బాధ దీనిచే కొంత ఉపశమించును.

ఒకప్పుడు పంచాయతీ రేడియో చుట్టు గ్రామస్థులు చేరినపుడు, ముల్లు సరియైన చోట నిలుచువరకు త్రిప్పుటకు ఒకరు పూనుకొనెడివారు. ముల్లు కొంచెము తప్పినను వార్త గరగర ధ్వనిలో కలిసిపోయెడిది. నేటి తెరకును అట్టి శ్రద్ధయే కావలెను. ఖర్చు ఏమియు లేదు. పట్టు కాలము పావుగంట. ఆ పావుగంట శ్రద్ధ వలన, "గీత ఏదీ?" యని అడిగిన అవ్వకు "ఇదిగో అవ్వా, ఇక్కడనే యున్నది" అని చూపగలిగినచో, పంచాయతీ తన విధులలో ఒకదానిని నెరవేర్చినట్లే.