కాంక్రీటుకు చెవులు

సంతలో కుండ కొనేవాళ్లు ముందుగా వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే కొంటారు, లేకపోతే పక్కన పెడతారు. కంటికి కనపడని బీట చెవికి తెలుస్తుందన్నమాట! మరి వంతెన సంగతి ఏమిటి? 2018 ఆగస్టు 14న ఇటలీలోని జెనోవా నగరంలో మొరాండీ వంతెన కూలి 43 మంది మరణించారు. దాన్ని మోసే ఉక్కు తీగెలు కాంక్రీటు తొడుగులో ఉన్నాయి. లోపలి తుప్పు పైకి కనిపించేది కాదు.

అందుకే కాంక్రీటు లోపలే ఒక చెవి అమర్చాలనే ఆలోచన వచ్చింది. దీనికి మూలం పీడన విద్యుత్తు. క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు జాక్, పియరీ కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికం సాగి ముడుచుకుంటుంది కూడా. అంటే ఒకే ముక్క నోరూ అవుతుంది, చెవీ అవుతుంది. 1950లలో రూపొందిన లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే పింగాణీలో ఈ గుణం చాలా హెచ్చు.

ఆ పింగాణీ బిళ్లనే కాంక్రీటులో పాతిపెడితే సరిపోదా? చిక్కంతా అక్కడే ఉంది. పదార్థ సాంద్రతను అందులో ధ్వని వేగంతో గుణిస్తే వచ్చేది ధ్వని అవరోధం. ఘనమీటరుకు కిలోగ్రాముల్లో, సెకనుకు మీటర్లలో లెక్కిస్తే కాంక్రీటుకు 2400ను 4000తో గుణించాలి. అది సుమారు 96 లక్షలు. పింగాణీకి 7500ను 4000తో గుణిస్తే 3 కోట్లు! మూడు రెట్ల ఈ తేడా వల్ల, సరిహద్దుకు తిన్నగా వచ్చిన తరంగ శక్తిలో దాదాపు నాలుగో వంతు వెనక్కి మళ్లిపోతుంది.

విరుగుడు ఏమిటంటే, పింగాణీని పొడిచేసి సిమెంటులోనే కలిపి బిళ్ల పోయడం. పాళ్లు మార్చి అవరోధాన్ని కాంక్రీటుకు దగ్గరగా తేవచ్చు. హాంకాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో జోంగ్‌జిన్ లీ బృందం ఇలాంటి మిశ్రమాలపై 2002లో పరిశోధన ప్రచురించింది. గట్టిపడిన బిళ్లకు బలమైన విద్యుత్ క్షేత్రం పెట్టి, పింగాణీ రేణువుల ధ్రువాలను ఒకే దిశకు మళ్లించాలి. లేకపోతే ఆ బిళ్ల చెవిటిదే.

బీట పుట్టినప్పుడు వెలువడే సన్నని ధ్వని తరంగాన్ని ఈ బిళ్ల పట్టుకుంటుంది. లేదా రెండు బిళ్లలు పెట్టి ఒకటి తరంగం పంపితే రెండోది వింటుంది. మధ్యలో బీట ఉంటే తరంగం ఆలస్యంగానో, నీరసించో చేరుతుంది.

లోపాలూ లేకపోలేదు. అచ్చమైన పింగాణీతో పోలిస్తే మిశ్రమం స్పందన తక్కువ. సిమెంటులోని తేమ వల్ల విద్యుత్తు కారిపోతుంది. కదలని బరువును ఇది ఎక్కువసేపు చెప్పలేదు, ఎందుకంటే పుట్టిన ఆవేశం క్రమంగా జారిపోతుంది. పైగా ఆ పింగాణీలో సీసం ఉంది.

మన ల్యాబులో 28 రోజుల క్యూబును యంత్రంలో పెట్టి నలగ్గొట్టి బలం తెలుసుకుంటాం. వంతెనను అలా పరీక్షించలేం కదా! అది నిలబడి ఉండగానే దాని మాట వినాలి. మన ఇంజనీర్లు నేర్వవలసిన విద్య ఇదే.