జిప్ డిస్కులో అబ్బాజాన్ గొంతు
(పాత కంప్యూటర్‌కు డిస్కు మార్చుకునే డ్రైవు తగిలించి వాడే విధానం)

మా పెద్దన్నయ్యను ఇంట్లో అందరం భాయీజాన్ అనేవాళ్ళం. ఆయన 1980 దశకంలో ఇంగ్లండు వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఆ రోజుల్లో విదేశానికి ఫోన్ చేయడమంటే మా ఇంటి స్తోమతకు మించిన పని. అందుకని అబ్బాజాన్ టేప్ రికార్డరు ముందు కూర్చుని, ఊరి సంగతులన్నీ మాట్లాడి, ఆ క్యాసెట్‌ను ఎవరైనా వెళ్ళేవారి చేతికిచ్చి పంపేవారు. చాలా కుటుంబాల్లో ఇదే పద్ధతి ఉండేదని మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

క్యాసెట్లు అరిగిపోతాయని భయపడి, భాయీజాన్ 1997లో వాటిని తన అమీగా 1200 కంప్యూటర్‌లోకి ఎక్కించి, జిప్ డిస్కులలో దాచారు. ఇప్పుడు ఆ క్యాసెట్లు లేవు. అబ్బాజాన్ లేరు. మూడేళ్ళ క్రితం భాయీజాన్ కూడా అల్లాకు ప్రియమయ్యారు. కిందటేడు భాభీ వచ్చినప్పుడు ఆ కంప్యూటరు, ఒక నీలం రంగు డ్రైవు, నాలుగు డిస్కులు సూట్‌కేసులో తెచ్చి మా చేతిలో పెట్టారు. "మీ అబ్బాజాన్ గొంతు ఇందులో ఉందని మీ అన్నయ్య ఎప్పుడూ అనేవారు. ఇక మీరే చూడాలి" అన్నారు.

మేము కంప్యూటరు పండితులం కాము. బడిపిల్లలకు సైన్సు చెప్పుకునేవాళ్ళం. అయినా మా అబ్బాయి సాయంతో నెల రోజులు కుస్తీపట్టి పని ముగించాము. ఆ క్రమంలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాము. అటక మీద ఇలాంటి పెట్టె ఉన్నవారికి ఉపయోగపడితే మా శ్రమ ఫలించినట్లే.

అసలు ఏమిటీ యంత్రాలు?

మన దేశంలో 1984-85లో మొదలైన క్లాస్ పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. మేము జీవితంలో మొదట చూసిన కంప్యూటరు అదే. అమీగా మన ఊళ్ళకు రాలేదు గాని, ఇంగ్లండులో ఇంటింటి కంప్యూటరుగా బాగా పేరు తెచ్చుకుంది. కమడోర్ కంపెనీ 1992లో అమీగా 1200ను విడుదల చేసింది. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడి ఉంటుంది. మెమరీ 2 మెగాబైట్లు. బొమ్మలకు, శబ్దానికి ప్రత్యేకమైన చిప్పులు ఉన్నందువల్ల సంగీతం చేసుకునేవారికి అది ప్రాణం. 1994లో కమడోర్ మూతపడినా, అభిమానులు ఈనాటికీ దాన్ని వదలలేదు.

డిస్కు తీసి మార్చుకునే డ్రైవుల కథ ఇంకా పాతది. ఈ రంగంలో ముందున్న వారిలో సయ్యద్ ఇఫ్తికార్ ఒకరు. ఆయన 1982లో మరికొందరితో కలిసి సైక్వెస్ట్ కంపెనీని స్థాపించారు. ఆ పేరులోని 'సై' ఆయన పేరు నుంచి వచ్చిందే. సైక్వెస్ట్ వారి 44 మెగాబైట్ల కార్ట్రిడ్జ్ ఒకప్పుడు మెకింటాష్‌ మీద పుస్తకాలు, పత్రికలు తయారుచేసేవారి చేతిలో ఎప్పుడూ ఉండేది. ఆ తరువాత 1995లో ఐయోమెగా కంపెనీ జిప్ డ్రైవును తెచ్చింది. ధర తక్కువ, డిస్కు 100 మెగాబైట్లు. బజారు దానివైపు తిరిగింది. 1998లో సైక్వెస్ట్ దివాలా తీసింది.

ఫ్లాపీ ఎందుకు చాలలేదు?

ఇది చిన్న లెక్క. మా విద్యార్థులకైతే బోర్డు మీద వేసి చూపిస్తాము. గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు సెకనుకు 22,050 సార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక బైటుగా రాశారనుకుందాం. ఒక నిమిషానికి 13,23,000 బైట్లు. అమీగా ఫ్లాపీలో పట్టేది 880 కిలోబైట్లు, అంటే 9,01,120 బైట్లు. సుమారు 41 సెకన్లకే ఫ్లాపీ నిండిపోతుంది. "అస్సలాము అలైకుమ్, బేటా, అందరూ కులాసానా" అని పలకరింపులు పూర్తయ్యేసరికి చోటు అయిపోయినట్లే!

జిప్ డిస్కులో 512 బైట్ల గదులు 1,96,608 ఉంటాయి. గుణిస్తే 10,06,63,296 బైట్లు. ఒక గంట క్యాసెట్‌కు కావలసింది 7,93,80,000 బైట్లు. అంటే ఒక క్యాసెట్ ఒక జిప్ డిస్కులో హాయిగా ఇముడుతుంది. భాయీజాన్ ఎందుకు ఒక్కో క్యాసెట్‌కు ఒక్కో డిస్కు కేటాయించారో ఈ లెక్క వేశాకే మాకు అర్థమయింది. కంప్యూటరు మెమరీ తక్కువ కనుక ఒక్కో నిమిషం చొప్పున ముక్కలు చేసి, వరుస అంకెలు వేసి దాచారు. ఎంత ఓపిక!

జిప్ డిస్కు లోపల

జిప్ డిస్కు చూడటానికి లావుపాటి ఫ్లాపీలా ఉంటుంది. లోపల ఉన్నది కూడా ఫ్లాపీ లాంటి మెత్తని అయస్కాంత పొరే. ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరిగితే ఇది దాదాపు 2,945 సార్లు తిరుగుతుంది. చదివే తలలు చాలా చిన్నవి. ఎక్కడికి వెళ్ళాలో ఆ తలలకు దారి చూపే గుర్తులను ఫ్యాక్టరీలోనే డిస్కు మీద రాసి పెడతారు. ఈ గుర్తులు ఒకసారి చెరిగితే ఇంట్లో ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా తిరిగి రావు. కాబట్టి స్పీకర్లు, అయస్కాంతాలు ఉన్నచోట జిప్ డిస్కును పెట్టకూడదు.

ఇంకొక సంగతి. ఫ్లాపీకి మూలన జరిపే చిన్న గొళ్ళెం ఉంటుంది, అది జరిపితే దాని మీద ఇంకేమీ రాయలేము. జిప్ డిస్కుకు అది లేదు. అందువల్ల పొరపాటున చెరిపేసే ప్రమాదం ఎక్కువ.

తీగలు కలపడం

ముందుగా కంప్యూటర్‌ను కరెంటులో పెట్టకుండా, తెలిసిన టీవీ మెకానిక్ చేత విప్పించి కెపాసిటర్లు చూపించాము. అమీగా 1200లోని కెపాసిటర్లు వయసు మీద కారుతాయి. రెండు మార్పించవలసి వచ్చింది. ఇంగ్లండు కరెంటు, మన కరెంటు దాదాపు ఒకటే గనుక ట్రాన్స్‌ఫార్మరు అక్కరలేదు. ప్లగ్గు మాత్రం మన సాకెట్‌లో పట్టదు, అడాప్టరు కావాలి.

టీవీకి ఏంటెన్నా తీగతో కలిపితే బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. గొంతు కోసమే ఇంత పాట్లు పడుతుంటే ఇదేమిటని కంగారుపడ్డాము. కారణం ఏమిటంటే, ఇంగ్లండు టీవీ పద్ధతిలో శబ్దం బొమ్మకు 6 మెగాహెర్ట్జ్ దూరంలో వస్తుంది, మన దేశంలో 5.5 దూరంలో. టీవీ ఒకచోట వెతుకుతుంటే శబ్దం మరోచోట ఉంది. కంప్యూటరు వెనుక ఉన్న వీడియో, ఆడియో రంధ్రాల నుంచి టీవీ ఏవీ రంధ్రాలకు విడి తీగలు కలిపితే సమస్య తీరిపోయింది.

ఇక జిప్ డ్రైవు. అమీగా 1200 ఎడమ పక్కన పీసీఎంసీఐఏ అనే పలుచని సందు ఉంది. అందులో పెట్టడానికి ఇంగ్లండుకు చెందిన హైసాఫ్ట్ వారు స్క్విరల్ అనే కార్డు అమ్మేవారు. అది స్కజీ పద్ధతిలో డ్రైవుతో మాట్లాడుతుంది. స్కజీ ఒక గొలుసు లాంటిది. గొలుసులోని ప్రతి పరికరానికి వేరువేరు నంబరు ఉండాలి. రెండు చివర్లా టెర్మినేటర్ ఉండాలి. లేకపోతే సంకేతం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరిగి వచ్చి గందరగోళం చేస్తుంది.

జిప్ డ్రైవు వెనుక రెండు చిన్న స్విచ్చులు ఉంటాయి. ఒకటి నంబరుకు, 5 గాని 6 గాని ఎంచుకోవాలి. రెండవది టెర్మినేటర్‌కు. మేము మొదట ఈ రెండవ స్విచ్చును చూసుకోలేదు. అది ఆపి ఉంది. కంప్యూటర్‌కు డ్రైవు కనబడలేదు. డ్రైవు చచ్చిపోయిందని రెండు రోజులు దిగులుపడ్డాము. తప్పు మాదే. స్విచ్చు జరపగానే కనిపించింది.

కొన్ని జాగ్రత్తలు:

1. తీగలు కలపడం, తీయడం అన్నీ కరెంటు ఆపిన తరువాతే.
2. ముందు జిప్ డ్రైవుకు కరెంటు ఇచ్చి, తరువాత కంప్యూటరు వేయాలి.
3. కరెంటు ఇచ్చాకే డిస్కు పెట్టాలి. కరెంటు తీసే ముందే డిస్కు బయటికి తీయాలి.
4. ప్రింటరు రంధ్రానికి తగిలించే జిప్ డ్రైవు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, ప్లగ్గు కూడా 25 పిన్నులదే. రెండింటినీ కలగలిపితే పరికరం పాడు కావచ్చు. 5, 6 నంబర్ల స్విచ్చు ఉంటే అది స్కజీది.

తెర మీద భయపెట్టిన మాట

స్క్విరల్ కార్డు నుంచి కంప్యూటరు నేరుగా మొదలుకాదు. ముందు హార్డ్ డిస్కు నుంచి వర్క్‌బెంచ్ మొదలై, తరువాత జిప్ డ్రైవు చేరుతుంది. డిస్కు ఎన్ని భాగాలుగా ఉందో చెప్పే ఒక చిన్న ఫైలును మౌంట్ ఫైలు అంటారు. భాయీజాన్ ఫైలులో 0 నుంచి 95 వరకు 96 సిలిండర్లు, ఒక్కోదానిలో 2,048 గదులు అని ఉంది. 96ను 2,048తో గుణిస్తే 1,96,608. లెక్క సరిపోయింది. డిస్కు ఫార్మాట్ చేసిన రోజున ఏ అంకెలు ఉన్నాయో ఇప్పుడూ అవే ఉండాలి. తెలిసీ తెలియక వాటిని మార్చకూడదు.

మొదటి డిస్కు పెట్టగానే తెర మీద 'ఎన్‌డాస్' అని వచ్చింది. ఇది అమీగా డిస్కు కాదు అని దాని అర్థం. మా గుండె జారిపోయింది. అయితే నిదానంగా చూస్తే భాయీజాన్ రెండు మౌంట్ ఫైళ్ళు పెట్టుకున్నారు. ఒకటి అమీగా డిస్కుల కోసం, ఇంకొకటి పీసీ డిస్కుల కోసం. మేము రెండవదాన్ని నొక్కాము. తాళం బాగానే ఉంది, చెవి వేరేది! మొదటిదాన్ని నొక్కితే డిస్కు పేరు కనిపించింది. ఆ కంగారులో ఫార్మాట్ నొక్కి ఉంటే అబ్బాజాన్ గొంతు మా చేతుల మీదుగానే పోయి ఉండేది. కాబట్టి పాత డిస్కు ఏ యంత్రంలోనైనా 'ఫార్మాట్ చేయనా?' అని అడిగితే వద్దనే చెప్పాలి.

పేరు కనిపించగానే మేము చేసిన మొదటి పని 'లాక్' అనే ఆదేశం ఇవ్వడం. దానితో కంప్యూటరు ఆ డిస్కు మీద ఏమీ రాయదు, చదువుతుంది మాత్రమే. డిస్కుకు లేని గొళ్ళెం పని ఇది చేసిపెడుతుంది. డిస్కు మార్చినప్పుడు కంప్యూటరు గుర్తించకపోతే 'డిస్క్‌చేంజ్' ఆదేశం ఇవ్వాలి.

కొత్త కంప్యూటర్‌కు చేర్చడం

ముక్కలన్నీ హార్డ్ డిస్కులోకి కాపీ చేశాము. పక్కన ఉన్న సందు ఒక్కటే గనుక కంప్యూటరు ఆపి, స్క్విరల్ తీసి, దాని స్థానంలో కెమెరాలలో వాడే కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును అడాప్టరుతో పెట్టాము. దీనికి కావలసిన రెండు చిన్న ప్రోగ్రాములు అమీనెట్ అనే ఉచిత భాండాగారంలో దొరుకుతాయి. వాటిని పీసీలో 720 కిలోబైట్ల ఫ్లాపీ మీద రాసి అమీగాకు ఇచ్చాము. ఈ ఫ్లాపీని రెండు యంత్రాలూ చదవగలవు. కార్డును పీసీలో పెడితే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము ఆ శబ్దపు ఫైళ్ళను తెరిచింది.

అమీగా లేనివారికీ దారి ఉంది. యూఎస్‌బీ జిప్ డ్రైవు దొరికితే, లైనక్స్ ఉన్న కంప్యూటరు అమీగా డిస్కును చదవగలదు. ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయడం క్షేమం.

ఒక్క హెచ్చరిక. డిస్కు పెట్టగానే జిప్ డ్రైవు 'టిక్ టిక్' అని ఆగకుండా కొట్టుకుంటే వెంటనే ఆపేయాలి. దీన్ని మృత్యుఘంటిక అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. 1998లో అమెరికాలో వినియోగదారులు దీని మీద కోర్టుకు కూడా వెళ్ళారు. దెబ్బతిన్న తల డిస్కు అంచును చింపగలదు, చిరిగిన డిస్కు ఇంకో డ్రైవు తలను పాడుచేయగలదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు లాంటిది. అందుకే అనుమానం ఉన్న డ్రైవులో మంచి డిస్కును, అనుమానం ఉన్న డిస్కును మంచి డ్రైవులో పెట్టి పరీక్షించకూడదు. ముఖ్యం కాని డిస్కుతో డ్రైవును ముందు చూసుకోవాలి. మా నాలుగు డిస్కులలో ఒకదానిలో పిల్లల ఆటలు ఉన్నాయి. మొదటి పరీక్షకు అదే పనికి వచ్చింది.

చివరగా

మూడు క్యాసెట్ల గొంతు దక్కింది. మూడవదానిలో అబ్బాజాన్ భాయీజాన్‌తో అంటున్నారు: "మన చిన్నోడికి బీఈడీ సీటు వచ్చింది. మాస్టారవుతాడు. నాకు చాలా సంతోషంగా ఉంది." ఆ సీటు వచ్చిన రోజు మేము ఇంటికి వచ్చి చెబితే అబ్బాజాన్ "సరే" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ "సరే" ఒక్కటే మా దగ్గర ఉంది. భాభీకి ఫోన్‌లో వినిపించాము. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ఫైళ్ళు మూడుచోట్ల ఉన్నాయి, ఒకటి భాభీ దగ్గర. ఏ డిస్కూ శాశ్వతం కాదు. చదివే యంత్రం, ఆ యంత్రం నడపడం తెలిసిన మనిషి, రెండూ ఉన్నప్పుడే నకలు తీసుకోవాలి. మీ ఇంట్లో కూడా పాత ఫ్లాపీలు, క్యాసెట్లు, డిస్కులు ఉంటే ఈ వారమే ఒకసారి దించి, వాటి మీద ఏం రాసి ఉందో చదవండి. అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవారిని అడగండి. అడగడానికి వారు ఉన్నప్పుడే అడగండి.