ముఖ పక్షవాతము

అనంతపురము పీఠభూమిలో ఆషాఢ శ్రావణ మాసములందు వానకంటె గాలి యెక్కువ. అట్టి దినములలో నొక రైతు వేకువనే లేచి నోరు పుక్కిలింపబోవును. నీరు పెదవికొననుండి జారిపోవును. అద్దము చూచుకొనగా మూతి యొక ప్రక్కకు లాగికొనిపోయి యుండును. రెండవ ప్రక్కనున్న కన్ను మూతపడదు. ఇంటివారు గాలి సోకినదందురు. గాలి చేసిన నేరమేమియు లేదు.

ముఖమునందలి కండరములను కదలించునది మెదడునుండి వెలువడు పండ్రెండు జతల నరములలో ఏడవది. ఇది చెవి వెనుకనున్న యెముకలోని యిరుకు దారిగుండా బయటికి వచ్చును. నరము వాచినప్పుడు ఎముక దానికి చోటీయదు. నరము నలిగి, మెదడు ఆజ్ఞ కండరమునకు చేరదు. మన చరక సుశ్రుతులు ముఖము వంకరపోవు వ్యాధిని అర్దితమనిరి. 1821లో ఈ నరమును వివరించిన చార్లెస్ బెల్ అను శస్త్రవైద్యుని పేర నేడు దీనిని బెల్స్ పాల్సీ యందురు.

దీనికి ఆక్యుప్రెషరు మంచిదని కొందఱు చెప్పుదురు. ఇది చైనానుండి వచ్చిన పద్ధతి. పెదవికొన ప్రక్కను, దవడమూలను, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమను వ్రేలితో నొత్తుదురు. దీనివలన హాయి కలుగవచ్చును. నరము బాగుపడునా? దీనికి తోబుట్టువైన సూదుల చికిత్సను గూర్చిన పరీక్షలను 2010లో కొక్రేన్ సంస్థ సమీక్షించి, ఏ నిర్ణయమునకును ఆధారములు చాలవని తేల్చెను. ఇందొక చిక్కు కలదు. ఈ వ్యాధి పదిమందిలో ఏడుగురికి మందు లేకయే పూర్తిగా నయమగును. కావున వ్రేలితో నొత్తినవాడును, పసరు పోసినవాడును, తాయెత్తు కట్టినవాడును తనవలననే నయమైనదని చెప్పును. వారు కల్లలాడువారు కారు, అట్లే నమ్మినవారు.

మిగిలిన ముగ్గురి మాటయో? మూడు దినములలోపల వైద్యుడు స్టెరాయిడు మాత్రలిచ్చినచో కోలుకొనువారి సంఖ్య పెరుగును. ఒత్తిడికై తిరుగుచు ఆ మూడు దినములను పోగొట్టుకొనరాదు. మూతి వంకరపోయినను నుదురు రెండు ప్రక్కల ముడుతపడుచున్నచో, లేదా చేయి పట్టుదప్పి మాట తడబడినచో, అది మెదడునకు వచ్చిన పక్షవాతము కావచ్చును. తక్షణమే 108కి ఫోను చేయవలెను.

అన్నిటికంటె భయము కంటిని గూర్చి. రెప్ప యాడనిదే కన్నీరు కంటిపై పరచుకొనదు. మన యెఱ్ఱదుమ్ము అందుపడి నల్లగ్రుడ్డు ఎండి పుండుపడును. మూడు నెలలకు మూతి చక్కబడినను, ఆ పుండువలన పోయిన చూపు తిరిగి రాకపోవచ్చును. అందుచే పగలు వైద్యుడిచ్చిన చుక్కలు వేసి కంటద్దములు ధరింపవలెను. రాత్రి లేపనము పూసి, రెప్పను మూసి పట్టీ అంటింపవలెను.

ఇవి జరిగిన పిదప మెల్లని ఒత్తిడికి అడ్డులేదు. అద్దము ముందు కూర్చుండి కనుబొమ్మలెత్తుట, బుగ్గలు పూరించుట, ఈల వేయబోవుట అభ్యసింపవలెను, బలవంతము కూడదు. ఇంటి పిల్లలు ప్రక్కన కూర్చుండి తామును బుగ్గలు పూరించినచో రోగికి సిగ్గు తీరును.