బయోస్: మదర్‌బోర్డు ఆయువుపట్టు

కంప్యూటర్‌కు కరెంటు అందిన తొలి క్షణంలో ప్రాసెసర్‌కు విండోస్ సంగతి గానీ, హార్డ్‌డిస్క్ ఉన్న చోటు గానీ, పక్కనే అమర్చిన ర్యామ్‌ను వాడుకునే విధానం గానీ తెలియదు. తయారీలోనే నిర్ణయమైన ఒక చిరునామాకు వెళ్లి అక్కడ దొరికిన ఆదేశాన్ని పాటించడం ఒక్కటే దానికి తెలుసు. 1978 నాటి ఇంటెల్ 8086లో ఆ చిరునామా ఒక మెగాబైట్ పరిధి ముగియడానికి సరిగ్గా 16 బైట్ల ముందు ఉండేది. అక్కడ మొదలయ్యే ఆదేశాల సముదాయమే ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో, కరెంటు పోయినా చెరగకుండా నిలిచి ఉండే ప్రోగ్రామ్. దానినే వాడుకలో బయోస్ అంటారు.

ఆ పేరు గ్యారీ కిల్డాల్ పెట్టింది. 1970ల మధ్యలో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాస్తూ, యంత్రం మారినప్పుడల్లా మార్చవలసిన భాగాన్ని మిగతా దాని నుంచి వేరు చేసి ఆయన దానికి బయోస్ అని పేరు పెట్టాడు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ ప్రోగ్రామ్ 8 కిలోబైట్లు మాత్రమే. అది కర్మాగారంలో శాశ్వతంగా ముద్రితమై వచ్చేది కనుక, మార్చాలంటే చిప్‌నే ఊడదీసి మరొకటి పెట్టవలసి వచ్చేది. ఐబీఎం దాని పాఠాన్ని సాంకేతిక గ్రంథంలో అచ్చువేసినా కాపీహక్కును వదులుకోలేదు కాబట్టి, కాంపాక్ సంస్థ ఒక బృందం చేత ఆ ప్రోగ్రామ్ చేసే పనులను మాత్రమే రాయించి, అసలు పాఠాన్ని ఎన్నడూ చూడని మరో బృందం చేత కొత్తగా నిర్మింపజేసింది. ఫీనిక్స్ సంస్థ 1984 నుంచి ఇటువంటి బయోస్‌ను ఎవరికైనా అమ్మసాగింది. 1985లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ స్థాపించిన అమెరికన్ మెగాట్రెండ్స్ కూడా ఈ రంగంలోకి వచ్చింది. కంప్యూటర్ తెరపై తొలుత కనిపించే ఆ సంస్థ పేరు వెనుక భారతీయుల చేయి ఉందని వాడుకరులలో చాలామంది గమనించి ఉండరు.

రాసినదాన్ని చెరిపి మళ్లీ రాయగల చిప్ లేకుండా బయోస్ నవీకరణ అనే మాటే పుట్టేది కాదు. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లో రూపొందించిన ఈప్రామ్‌ను చెరపాలంటే దాని పైనున్న గాజు కిటికీ గుండా అతినీలలోహిత కాంతిని కొన్ని నిమిషాల పాటు ప్రసరింపజేయాలి. తొషీబాకు చెందిన ఫుజియో మసుఒకా 1984లో ప్రకటించిన ఫ్లాష్ స్మృతికి ఆ కాంతితో పనిలేదు, విద్యుత్తే చాలు. అందువల్ల 1990లలో అది మదర్‌బోర్డులకు ఎక్కినాక చిప్‌ను కదల్చకుండానే బయోస్‌ను మార్చే సౌకర్యం ఏర్పడింది. సౌకర్యంతో పాటే ప్రమాదమూ వచ్చింది. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్ హావ్ 1998లో రాసిన సీఐహెచ్ వైరస్, 1999 ఏప్రిల్ 26న మేల్కొని, హార్డ్‌డిస్కులను పాడుచేయడమే కాక కొన్ని రకాల బోర్డులలో బయోస్‌ను కూడా చెరిపివేయడంతో అవి అసలు మేల్కొనే దారే లేకుండా పోయింది.

సాకెట్‌లో పిన్నులన్నీ కుదిరినా కొత్త ప్రాసెసర్ పాత బోర్డులో ఎందుకు పనిచేయదన్న ప్రశ్నకు సమాధానం ఈ ప్రోగ్రామ్‌లోనే ఉంది. ప్రాసెసర్ తన గుర్తింపు సంఖ్యను తెలిపినప్పుడు అది బయోస్‌కు తెలిసినదై ఉండాలి. దానికి తగిన వోల్టేజీని, ర్యామ్ సంకేతాల సమయాలను బయోస్ అమర్చాలి. మైక్రోకోడ్‌ను, అనగా ప్రాసెసర్ లోపలి ఆదేశాల నడకను సవరించే చిన్న ప్రోగ్రామ్‌ను, ప్రతి ఆరంభంలోనూ దానికి అందించాలి. ఏఎండీ ప్రాసెసర్లకు ఈ పనులు చేసే మూల ప్రోగ్రామ్‌ను అజీసా అంటారు; దానిని ఏఎండీ ఇస్తే బోర్డు తయారీదారులు తమ బయోస్‌లో కలుపుకొంటారు. వారు ఆ శ్రమ తీసుకోకపోతే బోర్డు ఎంత దృఢమైనదైనా అక్కడితో ఆగిపోతుంది.

ఈ వాస్తవం ఏఎం4 సాకెట్ చరిత్రలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 2016లో వెలువడిన ఆ సాకెట్‌ను ఎన్నో ఏళ్లు కొనసాగిస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. కాని తొలి బోర్డులలో చాలావాటి బయోస్ చిప్ 16 మెగాబైట్లే కావడంతో, తరాలు పెరిగే కొద్దీ అన్ని ప్రాసెసర్ల సమాచారం అందులో పట్టలేదు. కొత్తవాటికి చోటివ్వడానికి ఎంఎస్ఐ సంస్థ కొన్ని బోర్డులలో సెట్టింగుల తెర బొమ్మలను, పాత ప్రాసెసర్ల మద్దతును తొలగించవలసి వచ్చింది. 2020 మే 7న ఏఎండీ ఆ కారణమే చెప్పి, రాబోయే జెన్ 3 ప్రాసెసర్లు 500 శ్రేణి బోర్డులలోనే పనిచేస్తాయని ప్రకటించగా కొనుగోలుదారుల నిరసన చెలరేగింది. మే 19న బీ450, ఎక్స్470 బోర్డులకు మద్దతు ఇస్తామని మాట మార్చింది, అయితే అది వెనుదిరిగే వీలులేని నవీకరణ అవుతుందని హెచ్చరించింది. 2022లో 300 శ్రేణి బోర్డులకూ ఆ మద్దతు అందింది. ఐదేళ్లు నిండిన బోర్డులను అది తిరిగి పనికి తెచ్చింది కనుక, సాంకేతిక పరిమితి అని చెప్పినదానిలో వ్యాపార నిర్ణయపు పాలు గణనీయమేనని తేటతెల్లమైంది.

నవీకరణకు మరో చిక్కు ఉంది. బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించాలంటే బయోస్ మారాలి, బయోస్‌ను మార్చాలంటే బోర్డు నడవాలి, నడవాలంటే అది గుర్తించే పాత ప్రాసెసర్ ఉండాలి. పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయినట్టన్న మాట. 2018లో ఏఎండీ ఈ చిక్కులో పడిన కొనుగోలుదారులకు పాత ప్రాసెసర్‌ను ఎరువుగా పంపింది. ఇప్పుడు అనేక బోర్డులలో ఉండే ఫ్లాష్‌బ్యాక్ బటన్‌కు ప్రాసెసర్, ర్యామ్ అక్కరలేదు. పెన్‌డ్రైవ్‌లోని ఫైలును బోర్డు మీది ప్రత్యేక చిప్ నేరుగా చదివి ఫ్లాష్‌లో రాస్తుంది. రాయచూరు జిల్లాలోని గిల్లేసూగూరు వంటి ఊళ్లలో, పాత ప్రాసెసర్ అరువిచ్చే దుకాణం చేతికి అందనివారికి, ఈ బటన్ అలంకారం కాదు, అవసరం.

రాయడం జరుగుతున్న నిమిషాలలో కరెంటు పోతే సగం రాసిన ప్రోగ్రామ్ మిగిలి బోర్డు మొరాయించవచ్చు కనుక, యూపీఎస్ లేకుండా ఈ పనికి పూనుకోకూడదు. బోర్డు మీద అచ్చైన పేరును, దాని పక్కన ఉండే రివిజన్ సంఖ్యను రెండింటినీ తయారీదారు జాబితాతో సరిపోల్చిన తర్వాతే ఫైలును దించుకోండి. పేరు ఒకటే అయినా రివిజన్ మారితే ఫైలు వేరే కావచ్చు.