మదనపల్లె నుంచి కుప్పానికి ఫ్లైట్‌లో 7 నిమిషాలేనా?

రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, ఫ్లైట్ టైం చెప్పే సైట్లు మీరు చూసే ఉంటారు. మదనపల్లె, కుప్పం అని కొట్టినా నంబర్ చెప్పేస్తాయి. కానీ ఈ రెండు ఊళ్లలోనూ ఇప్పటికి ప్యాసింజర్ విమానం దిగే ఎయిర్‌పోర్ట్ లేదు. మరి ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది?

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా. ప్రతి ఊరికీ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. మదనపల్లె సుమారు 13.55, 78.50. కుప్పం 12.75, 78.34. వీటిని హావర్‌సైన్ అనే ఫార్ములాలో వేస్తే తిన్నగా గీత గీసినంత దూరం వస్తుంది, సుమారు 90 కిలోమీటర్లు. మీరూ చెక్ చేసుకోవచ్చు: ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు, ఇక్కడ తేడా 0.8 డిగ్రీలు. ఆ 90ని గంటకి 800 కిలోమీటర్ల విమానం స్పీడ్‌తో భాగిస్తే 7 నిమిషాలు. టేకాఫ్, ల్యాండింగ్ కోసం ఇంకో 30 నిమిషాలు కలిపే సైట్లూ ఉన్నాయి. అంతే. అసలు ఫ్లైట్ ఉందా లేదా అని ఆ కోడ్ ఎక్కడా చూడదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. ఆ తిన్నని గీత ముళబాగిలు దగ్గర కర్ణాటకలోకి పోతుంది. మన బస్సు అట్ల పోదు కదా! పుంగనూరు, పలమనేరు అని తూర్పుకి జరిగి, మళ్లీ వి.కోట మీదుగా పడమరకి తిరిగి కుప్పం చేరుతుంది. 120 కిలోమీటర్ల పైనే.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. బీటెక్‌లో ఉన్నప్పుడు మా తాతకి కుప్పంలో ఆపరేషన్. పొద్దున 10కి లోపలికి తీసుకుపోతారన్నారు. నేను ఫోన్‌లో 90 కిలోమీటర్లు అని చూసి, రెండు గంటలు చాలులే అని 7:30కి బస్సెక్కినా. పలమనేరులో బస్సు మారి, చేరేసరికి 11 దాటింది. తాత బాగానే బయటికొచ్చినాడు. కానీ లోపలికి పోయే ముందు "వాడు వచ్చినాడా?" అని రెండుసార్లు అడిగినాడంట. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటా ఉంటుంది.

అలాగని ఈ లెక్క పనికిరానిదేం కాదు. అలాస్కా ఉత్తర కొనలో ఉట్కియాగ్విక్ అనే ఊరుంది, పాత పేరు బారో. బయటి ఊళ్లకి రోడ్డే లేదు. అట్లాంటి చోట ఫ్లైట్ టైమే అసలు టైం. మన దగ్గర మాత్రం రోడ్డు, బస్సు, మారే స్టాప్ చూడాల్సిందే.

అందుకే ఈసారి నంబర్ కనిపిస్తే మూడు అడగండి. ఇది తిన్నని దూరమా, రోడ్డు దూరమా? ఆ ఊళ్లో ఎయిర్‌పోర్ట్ ఉందా? బస్సు ఎక్కడ మారాలి? మూడోదానికి బస్టాండ్‌లో కండక్టర్‌ని అడిగితే చాలు. ముఖ్యమైన పనికి పోతుంటే ఇంకో గంట ముందే బయల్దేరండి.

మీ ఊరికి ఎంత తేడా వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం, బాయ్.