బొమ్మ యుద్ధశకటము: ఇంట నిర్మించు విధము



ట్యాంకు అను మాట చెవినిబడిన తోడనే మనకు చెరువో, నీళ్లతొట్టియో తలపునకు వచ్చును. హైదరాబాదునందలి ట్యాంకుబండే యిందుకు సాక్షి. యుద్ధశకటమున కాపేరు గలిగిన కథ వింతయైనది. 1915లో ఆంగ్లేయులు దానిని గుట్టుగా నిర్మించుచు, రహస్యము బయలుపడకుండుటకై నీటితొట్లని చెప్పుచుండిరి. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సు దేశమందలి సోము యుద్ధమున అవి మొదట రణభూమిని ద్రొక్కెను. మారుపేరే స్థిరపడినది.

ఆ శకటమే నేడు బొమ్మయై పిల్లల చేతికి వచ్చుచున్నది. దూరమున నిలిచి చేతిలోని పెట్టె మీటలను కదల్చినచో తీగ లేకయే అది నడచును. "యుద్ధపు బొమ్మ మన యింట నేల?" యని తల్లు లడుగుట న్యాయమే. ముందు దాని లోగుట్టు తెలిసికొందము.

దీని విశేషమంతయు పట్టాలలో నున్నది. శకటపు బరువు నాలుగు చక్రములపై గాక, ఇరుప్రక్కల పొడవుగా పరచుకొన్న పట్టాలపై బడును గనుక బురదలో దిగబడదు. ఈ యుపాయము పుట్టినది యుద్ధమునకు గాదు, సేద్యమునకు. 1904లో అమెరికా దేశమందలి కాలిఫోర్నియాలో బెంజమిన్ హోల్టు అనువాడు మెత్తని నేలలో కూరుకొనిపోవు దున్నుడు యంత్రమునకు చక్రములు దీసి పట్టాలు తొడిగెను. దాని నడకనుబట్టి గొంగళిపురుగను పేరే దానికి వచ్చినది.

ఇక మలుపు. ఎడ్లబండిని కుడికి ద్రిప్పవలెనన్న కుడియెద్దును నిలిపి యెడమయెద్దును నడపుదురు గదా! ఇదియు నంతియే. ఒక్కొక్క పట్టాకు ఒక్కొక్క మోటారు. కుడిది నిలిచి యెడమది నడచిన కుడికి దిరుగును. ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు నడచిన, ఒప్పులకుప్ప యాడు బాలికలవలె నిలిచినచోటనే గిరగిర దిరుగును.

మోటారు మిక్కిలి వడిగా దిరుగును గాని దానికి బలము చాలదు. పది పళ్ల చిన్నచక్రము నలువది పళ్ల పెద్దచక్రమును ద్రిప్పునట్లు అమర్చిన, వడి నాల్గవవంతై, రాపిడికి బోవునది బోగా ద్రిప్పుబలము రమారమి నాలుగురె ట్లగును. చేతిపెట్టె పంపు రేడియో సంజ్ఞను శకటములోని గ్రాహకయంత్రము గ్రహించి, వేగనియంత్రకముల ద్వారా మోటార్లకు తగినంత విద్యుత్తు నిప్పించును. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కు నగరమున చిన్నపడవను ఈ రీతిగా తీగలేక నడిపి చూపెను.

నమూనాకు దూరదేశముల బోనక్కరలేదు. సంగారెడ్డి జిల్లా యెద్దుమైలారమున 1984లో నెలకొన్న ఆయుధకర్మాగారమున సరథ్ అను పట్టాల శకటములు తయారగుచున్నవి. ఇది సైనికులను మోయు శకటము, నీటిపై గూడ దేలగలదు. పొడవు సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు. పదునారింట నొకవంతు కొలతను చేసిన 42 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు వచ్చును. ఈ లెక్కను పిల్లలచేతనే కట్టింపుడు.

పట్టాలు, మోటార్లు, గ్రాహకము కొనవలసినవే. పైకాయమును నిర్మల బొమ్మలకు వాడు పొనికికర్రతోనో, దళసరి అట్టతోనో చేయవచ్చును. పట్టాబిగువు నులకమంచపు త్రాడు వంటిది. వదులైన జారును, మితిమీరిన మోటారు శ్రమపడును. అలంకారమున మన చేయి చూపవచ్చును. కుంచెను లేతరంగున ముంచి, గుడ్డపై దుడిచి, అంచులపై మెల్లగా రాచిన అరిగిన లోహమువలె దోచును. జల్లించిన మన్ను జిగురుతో గలిపి పూసిన, వానకాలమున మా లింగాల పొలముల నుండి వచ్చిన బండి యగును. పాతచీర పీలికను జిగురునీట దడిపి చుట్టిన గుడారపుగుడ్డ యగును.

ఒక్క జాగ్రత్త తప్పరాదు. లిథియము బ్యాటరీ నిప్పువంటిది. దానికి దగిన ఛార్జరునే వాడవలెను. ఒక్కొక్క ఘటము 4.2 వోల్టులు దాటరాదు. ఉబ్బినదానిని వాడరాదు, గుచ్చరాదు. ఎవరును లేనప్పుడుగాని, రాత్రి నిద్రించునప్పుడుగాని ఛార్జింగునకు బెట్టరాదు. తీగలకు మాటువేయు పని గాలి యాడు వసారాలో పెద్దల యెదుటనే జరుగవలెను. పిదప చేతులు కడుగుకొనవలెను.

ఇప్పుడు తల్లుల ప్రశ్నకు వత్తము. మృచ్ఛకటికమున చారుదత్తుని కుమారుడు మట్టిబండి వలదని, బంగారుబండికై యేడ్చెను. కొన్న బొమ్మ యెంత ఖరీదైనదైనను పొరుగింట నంతకు మించినది కానవచ్చినంతనే చిన్నబోవును. తాను కూర్చిన బొమ్మ యట్లు గాదు. చెడిన విప్పి బాగుచేసికొనవచ్చును. ఫిరంగి దీసి నాగలి తగిలించిన అదియే హోల్టు పొలపు యంత్రమగును. ముందర పలక బెట్టిన చెరువు పూడిక దీయు యంత్రమగును. ఏది చేయవలెనో పిల్లలతో గూర్చుండి తర్కింపుడు. యుద్ధమును గూర్చి మాటలాడుటకును అదియే తగిన సమయము.

ఈ పనిని మగపిల్లలకే విడువకుడు. సన్నని సూదిలో దారమెక్కించు బాలిక వ్రేళ్లకు సన్నతీగ కలుపుట యెంత పని? నేడు బొమ్మకు మోటారు బిగించిన పిల్ల రేపు ఇంట విసనకఱ్ఱ యంత్రము నిలిచినప్పు డెవరికొరకును ఎదురుచూడదు.